మీ ప్రశ్న – మా జవాబు: ముసలి డిస్కును ఒక్కసారే చదవండి

ప్రశ్న: మా నాన్నగారు తెనాలిలో చాలా ఏళ్లు డీటీపీ పని చేశారు. ఆయన 2004లో కొన్న ల్యాప్‌టాప్ ఇప్పటికీ ఆన్ అవుతోంది కానీ, మధ్యమధ్య లోపల నుంచి టక్కుమని చిన్న శబ్దం వస్తోంది. విండోస్ ఎక్స్‌పీ, 60 జీబీ హార్డ్‌డిస్కు, 512 ఎంబీ మెమరీ ఉన్నాయి. రెండు యూఎస్‌బీ పోర్టుల్లో ఒకటి విరిగిపోయింది, రెండోదానికి ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలిస్తే రెండు నిమిషాలకే మాయమవుతోంది. డీవీడీ డ్రైవు, నెట్‌వర్క్ కేబుల్ పెట్టే పోర్టు మాత్రం బాగున్నాయి. నాన్నగారు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో, అను తెలుగు ఫాంట్లతో చేసిన పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు అన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని నెట్‌వర్క్ ద్వారా నా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లోకి తీసుకోవచ్చా? ఫోల్డర్ షేర్ చేసి చూశాను, కొత్తదానికి పాతది కనబడలేదు. ఇంట్లో ఇంటర్నెట్ లేదు. అది లేకుండా ఈ పని అవుతుందా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందుగా మీ చివరి ప్రశ్నకు: ఇంటర్నెట్ అవసరం లేదు. రెండు కంప్యూటర్ల మధ్య ఒక్క కేబుల్ ఉన్నా అది నెట్‌వర్కే. పూర్వం ఇలా నేరుగా కలపడానికి క్రాస్‌ఓవర్ అనే ప్రత్యేకమైన కేబుల్ కావలసి వచ్చేది. ఇప్పటి పోర్టులు తీగల వరసను తామే సర్దుకుంటాయి కనుక మామూలు కేబుల్ సరిపోతుంది. మీ కొత్త ల్యాప్‌టాప్‌కు కేబుల్ పోర్టు లేకపోతే యూఎస్‌బీకి తగిలించే ఎదర్‌నెట్ అడాప్టర్ కొనండి. ఇంట్లో మూల పడేసిన వైఫై రౌటర్ ఉంటే ఇంకా సుళువు, దానికి ఇంటర్నెట్ లైను లేకపోయినా రెండు కంప్యూటర్లనూ కలుపుతుంది, నెట్‌వర్క్‌లో అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టే చిరునామాలు కూడా తానే ఇస్తుంది.

సాధారణంగా ఇలాంటి ఉత్తరాలకు నేనిచ్చే సలహా వేరు. డిస్కును విప్పి, ఐడీఈ (ఆ కాలపు డిస్కులను యంత్రానికి కలిపే పద్ధతి) నుంచి యూఎస్‌బీకి మార్చే చవక అడాప్టర్‌తో కొత్త కంప్యూటర్‌కు తగిలించమని చెబుతాను, ఎందుకంటే అది నెట్‌వర్క్ కంటే వేగంగా పనిచేస్తుంది. కానీ ఇరవై ఏళ్ల ల్యాప్‌టాప్‌లో ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, మరలు తుప్పుపట్టి ఉంటాయి, ఆ కాలపు ఐడీఈ డిస్కు పిన్నులు ఇట్టే వంగుతాయి. విప్పిన అలవాటు లేని చేతితో ఆ పని మొదలుపెట్టడం కంటే, బాగా పనిచేస్తున్న కేబుల్ పోర్టును వాడుకోవాలన్న మీ ఆలోచనే మంచిది. ఎక్స్‌టర్నల్ డిస్కు మాయమవడానికి కారణం బహుశా కరెంటు చాలకపోవడమే. ఆ కాలపు యూఎస్‌బీ పోర్టు ఇవ్వవలసినది 500 మిల్లీ ఆంపియర్లు, డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకంటే ఎక్కువ లాగుతుంది, అరిగిపోయిన పోర్టు ఆ మాత్రం కూడా ఇవ్వలేదు.

ఇక షేర్ చేసిన ఫోల్డర్ ఎందుకు కనబడలేదో చూద్దాం. ఫైళ్లను పంచుకోవడానికి విండోస్ వాడే భాషను ఎస్‌ఎంబీ అంటారు. ఎక్స్‌పీకి అందులో మొదటి రూపం ఒక్కటే తెలుసు, రెండో రూపం ఎక్స్‌పీ తరువాతి విండోస్ అయిన విస్టాతో వచ్చింది. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వానాక్రై వైరస్ ఆ మొదటి రూపంలోని లోపాన్నే పట్టుకుని ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి దూకింది. ఆ ఏడాది చివర వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి మైక్రోసాఫ్ట్ దానిని ముందుగా అమర్చి ఇవ్వడం మానేసింది. అంటే మీ రెండు యంత్రాలకూ ఉమ్మడి భాష లేదు. విండోస్ 11లో దానిని మళ్లీ తెరిచే మార్గం ఉంది కానీ, తెరవవద్దని నా మాట. అసలు ఈ పనిని ఎక్స్‌పీ చేత చేయించకపోవడమే మంచిది, ఎందుకంటే ఎక్స్‌పీ నడుస్తున్నంతసేపూ ఆ డిస్కు మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది, తాను వాడుకుంటున్న ఫైళ్లను నకలు తీయనివ్వదు కూడా.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినది ఆ టక్కుమనే శబ్దం. అలాంటి డిస్కుకు ఎన్ని చదువులు మిగిలి ఉన్నాయో ఎవరూ చెప్పలేరు కనుక, ఉన్న చదువులను ఫోల్డర్లు తెరిచి వెతుక్కోవడానికి ఖర్చు చేయకూడదు. మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా కొత్త ల్యాప్‌టాప్‌లోకి దించుకోవాలి. దీనినే ఇమేజ్ అంటారు. ఏది ముఖ్యం, ఏది కాదు అనే వెదుకులాటంతా తరువాత ఆ ఇమేజ్‌లో, ఎన్నాళ్లయినా, నిదానంగా చేసుకోవచ్చు. అంతవరకు చెక్ డిస్క్ నడపడం, డీఫ్రాగ్ చేయడం, వైరస్ స్కాన్ పెట్టడం వంటివి ఏవీ చేయవద్దు. ఇవన్నీ మంచి పనులే గాని, కొన ఊపిరితో ఉన్నవాడి చేత మూటలు మోయించినట్టు అవుతుంది. ఒకవేళ శబ్దం ఆగకుండా వరుసగా వస్తూ, ఆన్ చేసినప్పుడు డిస్కే కనబడని స్థితి వస్తే అక్కడితో ఆపేసి, డేటా రికవరీ చేసే నిపుణులకు అప్పగించండి.

మీకు మరో ప్రత్యేకమైన కారణం కూడా ఉంది. పేజ్‌మేకర్ ఫైళ్లను మాత్రమే ఏరుకుని తెచ్చుకుంటే వాటిని తెరిచేదెలా? పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0తోనే ఆగిపోయింది, దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ ఇప్పటి కూర్పులు ఆ ఫైళ్లను తీసుకోవు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) తెలుగు ఫాంట్ ఉన్నా, యూనికోడ్ తెలుగు తెలియని పేజ్‌మేకర్‌కు అది పనికిరాలేదు. అందుకే డీటీపీ వారంతా అను, శ్రీలిపి వంటి ఫాంట్లతోనే పని చేశారు. వాటిలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి కనుక, ఆ ఫాంటు లేని చోట తెరిస్తే నాన్నగారి పుస్తకం పొడవునా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు, ఫాంటు, పేజ్‌మేకర్, అది నడిచే ఎక్స్‌పీ, ఈ నాలుగూ కలిసి ఉంటేనే ఆ పుస్తకం పుస్తకంగా కనబడుతుంది. ఇమేజ్ తీస్తే నాలుగూ ఒకేసారి వస్తాయి.

పని ఇలా సాగుతుంది. పాత ల్యాప్‌టాప్‌ను దాని డిస్కు నుంచి కాక, సీడీ నుంచి లేపాలి. ఇందుకు సిస్టమ్‌రెస్క్యూ అనే ఉచిత లినక్స్ సీడీ ఉంది (లినక్స్ అంటే విండోస్‌లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్). మీ యంత్రం 32 బిట్ల కాలానిది కనుక 32 బిట్ల ప్రాసెసర్లకు పనిచేసే పాత కూర్పునే దించుకోండి, కొత్తవి లేవకపోవచ్చు. దానిని స్నేహితుల కంప్యూటర్‌లో సీడీగా రాయించి, పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూలో (యంత్రం దేని నుంచి లేవాలో అడిగే జాబితాలో) సీడీ డ్రైవును ఎంచుకోండి. ఈ లినక్స్ మెమరీలో, సీడీ మీద మాత్రమే నడుస్తుంది, మీరు చెప్పేదాకా డిస్కు మీద ఒక్క అక్షరం రాయదు.

కొత్త ల్యాప్‌టాప్‌లో ఈలోగా 60 జీబీకి పైగా ఖాళీ ఉన్న చోట ఒక ఫోల్డర్ తయారుచేసి షేర్ చేయండి. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. మీరు రోజూ నాలుగంకెల పిన్ కొట్టి విండోస్‌లోకి వెళుతుంటారు, నెట్‌వర్క్ మీదుగా ఆ పిన్ చెల్లదు, పాస్‌వర్డ్ లేని ఖాతా కూడా చెల్లదు. అందుచేత ఈ పని కోసమే ఒక లోకల్ యూజర్‌ను సృష్టించి, దానికి పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఫోల్డర్‌లో రాసే అధికారం ఇవ్వండి. పని అయ్యాక ఆ యూజర్‌ను తీసేయవచ్చు. నేరుగా కేబుల్‌తో కలిపినప్పుడు విండోస్ ఆ నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా భావించి ఫైల్ షేరింగ్‌ను మూసేస్తుంది, దానిని సెట్టింగుల్లో తెరవాలి, పని కాగానే మళ్లీ మూయాలి. రౌటర్ లేకపోతే చిరునామాలు చేత్తో ఇవ్వాలి: ఒకదానికి 192.168.50.1, రెండోదానికి 192.168.50.2, రెండింటికీ సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. లినక్స్ వైపు నుంచి ఆ షేర్ ఫోల్డర్‌ను కలుపుకునేటప్పుడు ఎస్‌ఎంబీ రూపం 3.0 అని స్పష్టంగా చెప్పండి, పాత సీడీలు తమంతట తాము మొదటి రూపాన్నే ప్రయత్నించి విఫలమవుతాయి.

ఇప్పుడు అసలు నకలు. దీనికి అందరికీ తెలిసిన సాధనం డీడీ. కానీ చెడిన సెక్టార్ (డిస్కులో ఒకసారికి చదివే చిన్న ముక్క) ఎదురైతే అది మామూలుగా అక్కడే ఆగిపోతుంది. మీకు కావలసినది ఆ సీడీలోనే ఉండే డీడీరెస్క్యూ. ఇది మొదటి విడతలో సులభంగా చదవగలిగిన భాగాలన్నీ చదివేసి, మొరాయించిన చోట్లను పక్కకు పెట్టి ముందుకు పోతుంది, చివరలో తీరిగ్గా వాటి దగ్గరకు తిరిగి వస్తుంది. దానికి మూడు పేర్లు ఈ వరసలోనే ఇవ్వాలి: చదవవలసిన డిస్కు, రాయవలసిన ఇమేజ్ ఫైలు, మ్యాప్ ఫైలు. మ్యాప్ ఫైలు అంటే ఎంతవరకు వచ్చాం, ఎక్కడ ఆగాం అని రాసుకునే చిట్టా. ఈ చిట్టాను కూడా షేర్ ఫోల్డర్‌లోనే పెట్టాలన్నది మరచిపోకండి. లినక్స్ సీడీలోని ఫోల్డర్లు మెమరీలో ఉంటాయి కనుక కరెంటు పోగానే అవి మాయమవుతాయి, చిట్టా కూడా వాటితోనే పోతుంది. చిట్టా కొత్త ల్యాప్‌టాప్‌లో భద్రంగా ఉంటే, అదే ఆదేశాన్ని మళ్లీ ఇచ్చినప్పుడు ఆగిన చోటు నుంచే పని సాగుతుంది. ఇరవై ఏళ్ల బ్యాటరీ నిమిషం కూడా నిలవదు కాబట్టి పాత ల్యాప్‌టాప్‌ను ఇన్వర్టర్ లైను మీద పెట్టుకోవడం మేలు. కొత్త ల్యాప్‌టాప్ మధ్యలో నిద్రపోకుండా స్లీప్‌ను ఆపేయండి. నేను ఒకసారి అన్నీ సరిగా అమర్చి పడుకుంటే, నకలు అందుకుంటున్న యంత్రమే అర్ధగంటలో నిద్రపోయింది, తెల్లవారి చూస్తే రాత్రంతా వృథా.

నెట్‌వర్క్ పద్ధతిలో నాకు నచ్చే గుణం ఒకటి ఉంది. రెండు డిస్కులు ఒకే యంత్రానికి తగిలించి నకలు తీసేటప్పుడు, ఏది పాతది ఏది కొత్తది అని తడబడి ఖాళీ డిస్కును నిండు డిస్కు మీదకు రాసినవారు ఉన్నారు. మీ పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నదే ఒక్క డిస్కు, రాసే చోటు వేరే యంత్రంలోని ఫోల్డర్. అయినా ఎంటర్ కొట్టేముందు మొదటి పేరు డిస్కుదేనా, రెండోది ఫైలుదేనా అని ఒకసారి పైకి చదువుకోండి.

ఎంతసేపు పడుతుందంటే, ఆ కాలపు ల్యాప్‌టాప్ పోర్టులు ఎక్కువగా సెకనుకు 100 మెగాబిట్లవి. ఎనిమిదితో భాగిస్తే 12.5 మెగాబైట్లు, ఆచరణలో 11 వస్తాయి. ఆ లెక్కన 60 జీబీకి గంటన్నర. చెడిన సెక్టార్లు ఉంటే ఒక రోజంతా పట్టవచ్చు, కంగారుపడి మధ్యలో ఆపవద్దు. విండోస్‌లో మీ డిస్కు 55.8 జీబీ అని చూపడం, ఇమేజ్ మాత్రం 60 వందల కోట్ల బైట్లు ఉండడం చూసి అనుమానపడకండి, లెక్కించే పద్ధతిలో తేడానే గాని ఏమీ పోలేదు. ఇమేజ్‌ను కుదిస్తూ పంపితే త్వరగా అవుతుందని కొందరు చెబుతారు. ఆ పాత ప్రాసెసర్ కుదించేసరికి కేబుల్ ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటుంది, కుదించాలనుకుంటే తరువాత కొత్త యంత్రంలో కుదించుకోండి. ఇమేజ్‌ను ఎక్స్‌టర్నల్ డిస్కు మీదకు మార్చేటప్పుడు మాత్రం ఆ డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఉండకూడదు, అందులో ఒక్క ఫైలు 4 జీబీని మించలేదు.

ఇదే పనికి క్లోన్‌జిల్లా అనే ఉచిత సాధనం కూడా ప్రసిద్ధం. తైవాన్ ప్రభుత్వ కంప్యూటింగ్ కేంద్రంలో రూపొందిన ఈ సాధనం డిస్కులో నిండిన భాగాన్నే తీసుకుంటుంది, షేర్ ఫోల్డర్‌కు కలిపే పనిని ప్రశ్నలడిగి తానే చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్కుకు నేను దానినే చెబుతాను. మీ డిస్కుకు చెప్పకపోవడానికి కారణాలు రెండు: చెడిన సెక్టార్లతో పెనుగులాడడంలో డీడీరెస్క్యూ దిట్ట, పైగా క్లోన్‌జిల్లా ఇమేజ్‌ను నేరుగా తెరిచి ఒక్క ఫైలు తీసుకోవడం సులభం కాదు.

డీడీరెస్క్యూ ఇచ్చిన ఇమేజ్‌ను విండోస్ 11లో 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో తెరవవచ్చు. లోపల డిస్కు భాగాలు, వాటి లోపల ఫోల్డర్లు కనబడతాయి. పని పూర్తయిందని తెర మీద కనబడగానే సంతోషించకుండా, పాతవి, కొత్తవి, పెద్దవి, చిన్నవి కలిపి ఒక పది ఫైళ్లు బయటకు తీసి, విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ నిండుగా ఉందో లేదో చూడండి. తరువాత ఇమేజ్‌కు ఇంకో నకలు తీసి వేరే డిస్కు మీద, వీలైతే వేరే ఇంట్లో ఉంచండి.

నాన్నగారి బల్లనే మళ్లీ తెరవాలనుకుంటే కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ ఇమేజ్‌ను వర్చువల్ డిస్కుగా మార్చుకోగలదు. మార్చేటప్పుడు కొత్త ఫైలు తయారవుతుంది కనుక అసలు ఇమేజ్ చెక్కుచెదరదు. డిస్కు కంట్రోలర్‌గా ఐడీఈని ఎంచుకోండి, ఐడీఈ తరువాత వచ్చిన సాటా పద్ధతిని ఎంచుకుంటే ఎక్స్‌పీ నీలి తెర చూపి ఆగిపోతుంది. యంత్రం మారింది కనుక ఎక్స్‌పీ మళ్లీ యాక్టివేషన్ అడగవచ్చు. 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయిన విండోస్ అది, దానికి నెట్‌వర్క్ ఇవ్వవద్దు. అక్కడ పేజ్‌మేకర్‌లో ఒక్కొక్క పుస్తకమూ తెరిచి పీడీఎఫ్‌గా మార్చి ఉంచుకుంటే, ఆ పీడీఎఫ్‌లు ఏ ఫోనులోనైనా చదువుకోవచ్చు.

ప్రశ్న: 2011లో కొన్న నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 7 హోమ్ బేసిక్, 320 జీబీ డిస్కు ఉన్నాయి. బ్యాకప్ అండ్ రిస్టోర్‌లో మా అబ్బాయి కంప్యూటర్‌ను ఎంచుకుందామంటే నెట్‌వర్క్ అనే అవకాశమే కనబడటం లేదు. వైఫై మీద ఫోల్డర్లను లాగి వదిలితే మధ్యలో ఏదో తప్పు చూపి ఆగిపోతోంది, ఏవి వెళ్లాయో ఏవి వెళ్లలేదో తెలియడం లేదు.
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నిజామాబాద్

జవాబు: మాస్టారూ, లోపం మీ దగ్గర లేదు. నెట్‌వర్క్ మీదకు బ్యాకప్ తీసే సౌకర్యాన్ని మైక్రోసాఫ్ట్ విండోస్ 7 ప్రొఫెషనల్, అంతకు పై కూర్పులకే ఇచ్చింది. మన దేశం వంటి మార్కెట్ల కోసం చేసిన హోమ్ బేసిక్‌కు ఇవ్వలేదు. అయితే విండోస్ 7కు కొత్త ఎస్‌ఎంబీ తెలుసు కనుక, పై ఉత్తరంలోని చిక్కు మీకు లేదు, మీ అబ్బాయి షేర్ చేసిన ఫోల్డర్ దొరుకుతుంది.

లాగి వదలడం మానేసి, విండోస్ 7లోనే ఉన్న రోబోకాపీ అనే నకలు సాధనాన్ని వాడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో దాని పేరు, తరువాత మీ యూజర్ ఫోల్డర్, తరువాత షేర్ ఫోల్డర్ ఇవ్వడమే. ఆగిపోతే మళ్లీ అదే ఆదేశం ఇవ్వండి, వెళ్లినవాటిని వదిలి మిగిలినవే పంపుతుంది. కాని దాని పుట్టు గుణాలు కొన్ని తెలిసి ఉండాలి. తెరిచి ఉన్న ఒక్క ఫైలు దొరకకపోయినా అది ముప్పై సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, అంటే దాదాపు ఏడాది అన్నమాట. అందుకని /ఆర్:1 /డబ్ల్యూ:1 అని ఇంగ్లీషు అక్షరాలలో చేర్చి, ఒక్కసారి ప్రయత్నించి ముందుకు పొమ్మని చెప్పాలి. ఉప ఫోల్డర్లన్నీ రావడానికి /ఇ కావాలి. /ఎక్స్‌జే తప్పనిసరి. విండోస్ 7 యూజర్ ఫోల్డర్‌లో అప్లికేషన్ డేటా పేరుతో తనలోకి తానే చూపించే దారులు ఉంటాయి, అది లేకపోతే రోబోకాపీ ఆ దారిలో గిరగిరా తిరుగుతూ ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతుంది. /ఎంఐఆర్ అనేది మాత్రం ముట్టుకోకండి. మూలంలో లేనివాటిని గమ్యంలో చెరిపివేయడం దాని పని. మీ అబ్బాయి సొంత ఫోటోలున్న ఫోల్డర్‌ను పొరపాటున గమ్యంగా చూపితే అవి పోతాయి.

వైఫై బదులు రౌటర్‌కు కేబుల్ తగిలించుకోండి. పాత వైఫై మంచి రోజున కూడా కేబుల్ వేగంలో సగం ఇవ్వదు, మధ్యలో వంటింట్లో మైక్రోవేవ్ ఆన్ చేస్తే అదీ తగ్గుతుంది.

ప్రశ్న: అమ్మానాన్నలు కాకినాడలో ఉంటారు, నేను బెంగళూరులో ఉంటాను. వాళ్ల పాత ల్యాప్‌టాప్‌లోని 250 జీబీ డిస్కును ఇంటర్నెట్ మీదుగానే నా దగ్గరికి నకలు తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: సాధ్యమే గాని సలహా ఇవ్వను. కాకినాడ కనెక్షన్ అప్‌లోడ్ వేగం నిలకడగా సెకనుకు 20 మెగాబిట్లు ఉంటుందనుకున్నా, 250 జీబీకి దాదాపు 28 గంటలు పడుతుంది. అంతసేపు ఆ పాత డిస్కు తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోకూడదు, అమ్మగారు మూత వేయకూడదు. దీనికోసం కాకినాడ రౌటర్‌లో షేర్ ఫోల్డర్ల రాకపోకల దారి అయిన పోర్టును బయటి ప్రపంచానికి తెరవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. వానాక్రై లోపలికి వచ్చిన తలుపు అదే. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక కేబుల్, ఖాళీ ఉన్న మీ ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి. ఇమేజ్ తీయడానికి ఆ ఇంట్లోనే ఒక పూట చాలు. అప్పటిదాకా ఆ పాత ల్యాప్‌టాప్‌ను ఆన్ చేయవద్దని అమ్మగారికి ఫోన్ చేసి చెప్పండి.